బంగినపల్లి టెంక ఎందుకు మాట తప్పుతుంది

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం పక్కకు జరుపుతాను. ముప్ఫై ఏళ్లు క్లాసులో అరిచిన గొంతు ఇది, దీనికి మైకు తోడైతే ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు ఇబ్బంది.

ముందు మామిడిపండు సంగతి చెబుతాను. బంగినపల్లి తిన్నాం, బ్రహ్మాండంగా ఉంది, టెంక తీసుకెళ్లి పెరట్లో పాతాం. ఈ పని చెయ్యని ఇల్లు మన ఊళ్లో ఉండదు. మా ఇంట్లోనూ చేశాం. మొలిచింది. ఏళ్ల తరబడి నీళ్లు పోశాం, మేకల నుంచి కాపాడాం. చివరికి కాయ కాసింది. మా నాన్నగారు తొలికాయ మగ్గబెట్టి, కోసి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పులుపు, దాని మీద పీచు. "ఆ రోజే వెళ్లి ఒక అంటు కొనుక్కొచ్చి ఉంటే పోయేది" అన్నారు.

అంటు కడితే తల్లి చెట్టు రుచి తప్పదు. టెంక పాతితే ఏ రుచి వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. రైతులకు ఇది తరతరాలుగా తెలుసు. ఎందుకలా అంటే, అంటు అనేది చెట్టు ఒంట్లోంచి తీసిన ముక్క, శరీర కణాల గుంపు. టెంకలో ఉన్న మొలక మాత్రం బీజకణాల కలయికలో పుట్టింది. పుప్పొడి ఏ చెట్టు నుంచి వచ్చిందో ఈగకే తెలియాలి. పుప్పొడి సొంత చెట్టుదే అయినా రుచి మారిపోవచ్చు, అదెలాగో కాసేపట్లో చెబుతాను. శరీర కణానికీ బీజకణానికీ ఉన్న తేడాయే ఇవాళ్టి మన విషయం. మనలో బీజకణాలంటే అండం, శుక్రకణం.

మీ ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. లెక్కకు ఎక్కువ భాగం ఎర్ర రక్తకణాలే. చర్మం, కాలేయం, ఎముక, నరం, అన్నీ ఒకే ఒక్క కణం నుంచి వచ్చినవి. అది రెండై, రెండు నాలుగై, అలా. ప్రతిసారీ కణం, జన్యు సమాచారం మోసే పోగులైన తన 46 క్రోమోజోములకూ నకలు తీసుకుని, రెండు పిల్ల కణాలకూ చెరో 46 పంచుతుంది. మనిషికి 46 అన్న లెక్క కూడా పాతదేం కాదు. 1955 చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో తియో, లెవాన్ అనే ఇద్దరు కచ్చితంగా లెక్కపెట్టేదాకా పుస్తకాల్లో 48 అనే రాసేవాళ్లు. ముప్ఫై ఏళ్ల పాటు మైక్రోస్కోపులో 46 కనబడుతున్నా, పుస్తకంలో ఉంది కదా అని 48 లెక్కపెట్టారు. పుస్తకం మీద గౌరవం మంచిదే. గ్రంథాలయంలో నిలబడి అంతకంటే ఎక్కువ అనను. (నవ్వులు)

ఈ నకలు తీసే విభజన చూడాలంటే ఉల్లిపాయ చాలు. గ్లాసు నిండా నీళ్లు పోసి, దాని మూతి మీద ఉల్లిపాయ కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. వేరు కొస తుంచి, రంగు పట్టించి, గాజుపలక మీద నలిపి చూస్తే ఉల్లి కణం తన 16 క్రోమోజోములనూ మధ్యలో వరసగా నిలబెట్టి, ఒక్కోదాన్నీ నిలువునా చీల్చి చెరిసగం అటూ ఇటూ లాగుతూ కనబడుతుంది. చక్కగా, క్రమశిక్షణగా ఉంటుంది. నిజం చెప్పాలంటే కొంచెం బోరు కూడా.

అసలు వినోదం మిడతలో ఉంది. మా డిగ్రీ ల్యాబులో రెండో ప్రయోగం అదే. వానలు పడ్డాక కాలేజీ వెనక గడ్డిలో పిల్లలు మిడతలు పట్టుకొచ్చేవాళ్లు. మగ మిడత కావాలి. పొట్ట కోస్తే పైభాగంలో పసుపుపచ్చగా చిన్న గుత్తిలా వృషణం ఉంటుంది. దాన్ని ఆల్కహాలు మూడు పాళ్లు, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు కలిపిన ద్రవంలో ఉంచి, తర్వాత సన్నటి గొట్టం ఒకటి విడదీసి, ఎసిటోకార్మిన్ చుక్క వేసి, స్పిరిట్ దీపం మీద చూపీ చూపకుండా వెచ్చబెట్టాలి. పైన పలుచటి గాజుబిళ్ల, దాని మీద అద్దుడు కాగితం, ఆ మీద బొటనవేలు. నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, అంతా నాశనం. నలభై మందిలో ముప్ఫై మంది వేలు జారేది. పదిమందికి మాత్రం కనబడేది. అప్పుడు ల్యాబులో "సార్, సార్" అని ఒక కేక వినిపించేది. ఆ కేక కోసమే నేను ఆ ఉద్యోగం చేశానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ఏం కనబడుతుంది? క్రోమోజోములు జతలుగా అతుక్కుని ఉంటాయి. కొన్ని ఉంగరంలా, కొన్ని ఇంటూ గుర్తులా. ఉల్లి వేరులో ఇది ఎప్పటికీ కనబడదు.

ఎర్ర రక్తకణాల్లాంటివి వదిలేస్తే, మీ ప్రతి శరీర కణంలోనూ 23 క్రోమోజోములు అమ్మవి, 23 నాన్నవి. కానీ మీ చర్మ కణంలోనో కండర కణంలోనో అవి వియ్యాలవారిలా ఉంటాయి. ఒకే పందిరి కింద ఉన్నా ఎవరి వరస వాళ్లది. కణం విభజన చెందేటప్పుడు కూడా అమ్మవైపు మూడో నంబరు క్రోమోజోము, నాన్నవైపు మూడో నంబరు ఒకదాన్నొకటి పలకరించుకోవు. బీజకణాలు తయారయ్యే చోట మాత్రమే, అదీ ఒక్క దశలో, రెండు మూడో నంబర్లూ వెతుక్కుంటూ వచ్చి నిలువునా అతుక్కుంటాయి. అతుక్కుని ముక్కలు మార్చుకుంటాయి. ఇందాక చెప్పిన ఇంటూ గుర్తులు ఆ మార్పిడి జరిగిన చోట్లే. తర్వాత ఆ జత విడిపోయి ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్తుంది. 46 కాస్తా 23 అవుతాయి. దీన్నే పాఠ్యపుస్తకాల్లో క్షయకరణ విభజన అంటాం. 1902లో అమెరికాలో వాల్టర్ సట్టన్ అనే విద్యార్థి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు చేరే తీరులో మెండెల్ బఠాణీల్లో చూసిన లెక్కకూ క్రోమోజోములు విడిపోయే తీరుకూ సంబంధం ఉందని పట్టుకున్నది కూడా మిడత వృషణంలోనే. మా పిల్లలు పట్టినలాంటి మిడతే, కాకపోతే కాన్సస్ రకం.

ఇక్కడ చిన్న లెక్క. 23 జతలు. ప్రతి జతలోనూ అమ్మదా, నాన్నదా అన్నది బొమ్మాబొరుసు. రెండును ఇరవై మూడుసార్లు గుణించండి. 83,88,608. దగ్గర దగ్గర 84 లక్షలు. చూశారా, అప్పుడే ఫోన్లు తీస్తున్నారు! 84 లక్షల జీవరాశులని పెద్దలు ముందే చెప్పారని వాట్సాప్‌లో పెట్టకండి, దయచేసి. (నవ్వులు) రెండు అంకెలు దగ్గరగా రావడమే తప్ప ఇందులో ఇంకేం లేదు. ముక్కల మార్పిడిని లెక్కలో వేసుకోకుండానే, ఒక మనిషి తయారు చెయ్యగల రకాలు ఇన్ని. భార్యాభర్తలిద్దరివీ గుణిస్తే 70 లక్షల కోట్లు. మీకూ మీ తమ్ముడికీ పోలిక లేదని అమ్మను విసిగించే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి. సొంత పుప్పొడితోనే పండిన మామిడి కూడా తల్లిలా ఉండకపోవడం ఈ కలబోత వల్లే.

పరీక్షలో శరీర కణానికీ బీజకణానికీ తేడా రాయమంటే పిల్లలు 46, 23 అని రాసి లేచిపోతారు. మార్కులు వేశాను, తప్పు కాదు కాబట్టి. కానీ నా ఉద్దేశంలో అది ఆఖరి అంకం మాత్రమే. 23కి దిగకముందు బీజకణాల వంశంలో కూడా 46 ఉంటాయి. అసలు తేడా చాలా ముందే మొదలవుతుంది. గర్భం దాల్చిన మూడో వారంలో, పిండానికి చేతులూ కాళ్లూ ఇంకా మొదలవనప్పుడే, కొన్ని పదుల కణాలు పక్కకు తప్పుకుని, పిండానికి అంటుకుని ఉండే సొనసంచి గోడ దగ్గర కనబడతాయి. మిగతావి చర్మం, గుండె, వెన్ను కట్టే పనిలో ఉంటాయి. ఇవి ఆ పనులేవీ చెయ్యవు. తర్వాత రెండు మూడు వారాల్లో అమీబాల్లా పాకుతూ పిండం లోపలికి ప్రయాణం చేసి, అండాశయమో వృషణమో కాబోయే చోటికి చేరతాయి. దారిలో విభజన చెందుతూ సంఖ్య పెంచుకుంటాయి. బీజకణాలు పుట్టేది అక్కడే అనుకుంటాం మనం. నిజానికి అవి అక్కడికి వలస వచ్చినవి.

ముందే విడిపోవడం వల్ల ఒక పెద్ద సంగతి జరుగుతుంది. ఆడపిల్లకు చెవులు కుట్టిస్తాం కదా. ఎన్ని తరాలుగా? ఎంత పాత శిల్పం చూసినా చెవులకు కుండలాలుంటాయి. ఇన్ని తరాల్లో ఒక్క పిల్లయినా చెవులకు చిల్లులతో పుట్టిందా? పుట్టదు. చిల్లు పడింది చెవి కణాలకు. బీజకణాలకు ఆ కబురు అందదు. జర్మనీలో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆగస్ట్ వైస్‌మన్ అనే ఆయన ఈ మాటను సిద్ధాంతంగా చెప్పాడు. 1880ల్లో ఎలుకల తోకలు కత్తిరించి, వాటికి పుట్టిన పిల్లల తోకలు కొలిచాడు. మళ్లీ వాటి తోకలు కత్తిరించి వాటి పిల్లలవి కొలిచాడు. అలా అయిదు తరాలు, 901 పిల్లలు. ఒక్కదానికీ తోక లేకుండా పోలేదు. చెవులు కుట్టించే మన అమ్మమ్మలను అడిగితే ఆ ఎలుకలకు బాధ తప్పేదని నేను క్లాసులో అనేవాణ్ణి. ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో తోక తెగిన పిల్లికి తోకలేని పిల్లలు పుట్టాయంటూ పెద్ద పెద్దవాళ్లే చెప్పేవాళ్లు. వాళ్ల నోరు మూయించడానికి ఎవరో ఒకరు లెక్క చూపించాలి. చూపు దెబ్బతిని మైక్రోస్కోపు పని సాగక సిద్ధాంతం వైపు వచ్చిన మనిషి ఆయన. 1892లో ఆయన వేసిన పుస్తకంలో శరీర కణాల వంశం వేరు, బీజకణాల వంశం వేరు అన్న ఈ ఊహ పూర్తి రూపంలో ఉంది.

మరి శరీర కణాల్లో సమాచారం తక్కువా? గుర్రం పేగుల్లో ఉండే ఒక ఏలికపాములో అలాగే జరుగుతుంది. శరీరం కట్టే కణాలు క్రోమోజోముల్లో చాలా భాగాన్ని ముక్కలు చేసి పారేస్తాయి, బీజకణం కాబోయేది మాత్రం అంతా దాచుకుంటుంది. 1887లో థియోడర్ బొవెరీ చూశాడు దీన్ని. మనలో అలా కాదు. 1996 జులైలో స్కాట్లండ్‌లో పుట్టిన డాలీ గొర్రె గుర్తుందా? ఆరేళ్ల గొర్రె పొదుగు కణంలోని కేంద్రకాన్ని, అంటే క్రోమోజోములుండే భాగాన్ని తీసి, కేంద్రకం తీసేసిన అండంలో పెడితే మొత్తం గొర్రె తయారైంది. 277 ప్రయత్నాల్లో ఒకటి. హర్యానాలోని కర్నాల్‌లో 2009లో మనవాళ్లు గేదె దూడను అలా పుట్టించారు. అంటే పొదుగు కణంలోనూ పూర్తి పుస్తకం ఉంది, చాలా పేజీలు తాళం వేసి ఉన్నాయి. ఆ తాళాలు తీసింది అండంలోని జీవపదార్థం. అండం గొప్పతనం దాని కేంద్రకంలో కంటే చుట్టూ ఉన్న ఆ పదార్థంలోనే ఉందని నేనంటాను.

అండం మన ఒంట్లో పరిమాణంలో పెద్ద కణాల్లో ఒకటి. మిల్లీమీటరులో పదో వంతు. మంచి చూపుంటే చుక్కలా కనబడుతుంది. ఇంత పెద్దది ఎలా అయిందంటే, పంపకంలో పక్షపాతం వల్ల. మగవాళ్లలో ఒక కణం రెండు విభజనల్లో నాలుగు సమాన శుక్రకణాలవుతుంది. ఆడవాళ్లలో క్రోమోజోములు సమంగానే పంచుతారు కానీ ఆస్తంతా ఒక్క అండానికే రాసిస్తారు. మిగతావి ఖాళీ చేతులతో, పేరుకు కణాలుగా ఉండి ఎండిపోతాయి. శుక్రకణం దీనికి తలకిందులు. ఉన్న సామానంతా వదిలేసి, క్రోమోజోములను సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగినంత గట్టిగా కుక్కుకుని, ఒక తోక, దానికి కాస్త ఇంధనం ఏర్పాటు చేసుకుని బయల్దేరుతుంది. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు దానిలో కొన్ని పదులుంటాయి. అండంలో లక్షకు అటూ ఇటూ. పైగా తండ్రివి లోపలికి వెళ్లాక అండం వాటిని ఏరి నాశనం చేస్తుంది. ఇంటిపేరు నాన్నది, మైటోకాండ్రియా అమ్మది. వంశోద్ధారకుడు పుట్టాలని పూజలు చేసేవాళ్లకు ఈ విషయం చెబితే నా వంక అదోలా చూస్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. అండాలు ఎప్పుడు తయారవుతాయి? పెద్దమనిషి అయ్యాక అనుకుంటాం. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఆ విభజన మొదలవుతుంది. అయిదో నెలకు ఆ పిండంలో 60, 70 లక్షల దాకా అండ మాతృకణాలుంటాయి. అప్పటి నుంచి తరుగుడే. పుట్టేసరికి పది, ఇరవై లక్షలు. పెద్దమనిషి అయ్యేసరికి మూడు, నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగు వందలు. మొదలైన విభజన మధ్యలోనే ఆగిపోతుంది. జతలు అతుక్కుని, ముక్కలు మార్చుకుని, అలాగే ఆగి ఉంటాయి. పన్నెండేళ్లు, ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు. అండం విడుదలయ్యే రోజున ఆ పని మళ్లీ మొదలై, శుక్రకణం లోపలికి వచ్చాక గానీ పూర్తికాదు. అంటే మీరు ఏ అండం నుంచి పుట్టారో అది మీ అమ్మ ఒంట్లో, మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే ఉంది. అమ్మమ్మ చింతకాయ కోసం తహతహలాడిన రోజుల్లో మీలో సగం అక్కడే ఉన్నారు.

దీనికి మూల్యం కూడా ఉంది. నలభై ఏళ్లు జతను పట్టి ఉంచిన కట్లు వదులవుతాయి. విడిపోవాల్సిన చోట సరిగ్గా విడిపోవు. 21వ నంబరు ఒకటి ఎక్కువ వెళ్తే డౌన్ సిండ్రోమ్, అంటే బిడ్డ ఎదుగుదల నెమ్మదించే పుట్టుక స్థితి. తల్లికి పాతికేళ్లప్పుడు ఇది పన్నెండు వందల కాన్పుల్లో ఒకటి, నలభై ఏళ్లకు వందలో ఒకటి, సుమారుగా.

వెంటనే అందరూ ఆడవాళ్ల వయసు మీద పడతారు. ఆగండి. మగవాళ్లలో శుక్రకణాలు పెద్దయ్యాక మొదలై ముసలితనం దాకా తయారవుతూనే ఉంటాయి. గుండె ఒకసారి కొట్టుకునేలోపు వెయ్యి. ఒక్కొక్కటి తయారవడానికి 64 రోజులు. ఇన్ని కావాలంటే మూలకణాలు నకళ్లు తీస్తూనే ఉండాలి, నకలు తీసిన కొద్దీ అక్షర దోషాలు పెరుగుతాయి. పుట్టే ప్రతి బిడ్డలోనూ అమ్మానాన్నల్లో లేని కొత్త మార్పులు అరవై డెబ్భై దాకా ఉంటాయి, ఎక్కువ భాగం నాన్న వైపు నుంచే. నాన్న వయసు ఏడాది పెరిగితే ఒకటో రెండో జతవుతాయి. వాటిలో చాలామటుకు ఏ హానీ చెయ్యవు. కానీ వయసు లెక్క ఇద్దరికీ ఉంది.

ఇంకొక తేడా త్వరగా చెప్పేస్తాను, టైమ్ అవుతోందని కార్యదర్శిగారు చూస్తున్నారు. చీర కొంగుకు కుచ్చులు ఎందుకు కడతారు? పోగులు విడిపోకుండా. క్రోమోజోముల కొసలకూ అలాంటి కుచ్చులున్నాయి, టెలోమియర్లంటారు. ఎక్కువ శరీర కణాల్లో ప్రతి విభజనకూ అవి కొంచెం తరుగుతాయి. అందుకే ల్యాబులో పెంచిన మామూలు శరీర కణం యాభై సార్ల ప్రాంతంలో విభజన ఆపేస్తుంది. అలా ఆగడాన్ని 1961లో హేఫ్లిక్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించాడు. బీజకణాల వంశంలో ఆ కుచ్చులను తిరిగి కట్టే ఎంజైము పనిచేస్తూ ఉంటుంది. దాన్ని కనిపెట్టినందుకు 2009లో నోబెల్ ఇచ్చారు. లేకపోతే ఈ వంశం ఎప్పుడో ఆగిపోయేది, మనం ఇక్కడ కూర్చుని ఉండేవాళ్లం కాదు.

మొక్కల సంగతి మాత్రం వేరు. మామిడిలో బీజకణాలను ముందే పక్కన పెట్టరు. నిన్నటిదాకా ఆకులు వేసిన కొమ్మ చివరే పూత వేస్తుంది. కాబట్టి కొమ్మలో వచ్చిన మార్పు గింజకూ చేరవచ్చు. వైస్‌మన్ గీసిన గీత సరిగ్గా సరిపోయేది జంతువుల్లో ఎక్కువవాటికే.

ఇక ప్రశ్నలు. అడగండమ్మా.

(ఒక యువతి: నమస్తే సార్. మా అమ్మకు రొమ్ము కేన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. మీరేమో శరీర కణాల్లో మార్పులు పిల్లలకు రావన్నారు. మరి డాక్టర్లు మా ఫ్యామిలీ హిస్టరీ ఎందుకు అడుగుతున్నారు? నాకు అదే టెన్షన్.)

మంచి ప్రశ్న, అమ్మా. అమ్మగారు బాగున్నారు, సంతోషం. కేన్సర్ అంటే ఏదో ఒక శరీర కణంలో మార్పులు పేరుకుని అది అదుపు తప్పడం. మామూలుగా ఆ మార్పులు ఆ రొమ్ము కణంలోనే వచ్చి, దాని పిల్ల కణాలకే పరిమితమవుతాయి. ఆమె అండాల్లో అవి ఉండవు. నువ్వు పుట్టాక వచ్చిన జబ్బైతే మరీనూ, నీకు రావాల్సింది అప్పటికే వచ్చేసింది కదా. కాబట్టి ఎక్కువమంది విషయంలో కణితి తల్లితోనే ఆగిపోతుంది. కానీ నూటికి అయిదు నుంచి పది మందిలో కథ వేరు. వాళ్లలో మొదటి మార్పు రొమ్ములో రాలేదు. వాళ్లు ఏ అండం, ఏ శుక్రకణం నుంచి పుట్టారో అందులోనే ఉంది. బీఆర్‌సీఏ అనే జన్యువుల పేరు విని ఉంటావు. అలాంటి జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉంటే, ఆ మార్పు బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం, బొమ్మాబొరుసు. వచ్చినా అది జబ్బు కాదు, జబ్బు వచ్చే వీలు పెరగడం. అందుకే మేనత్తకు ఉందా, అమ్మమ్మకు ఉందా అని అడుగుతారు. మేనత్త ఎందుకంటే నాన్న వైపు నుంచి కూడా రావచ్చు కాబట్టి. డాక్టరుగారు అవసరమనుకుంటే ముందు మీ అమ్మగారికే టెస్టు చేయిస్తారు.

ఆ టెస్టు ఎలా చేస్తారో తెలుసా? కణితి ముక్కతో సరిపెట్టరు. చేతి నుంచి మామూలుగా రక్తం తీస్తారు. రొమ్ములో వచ్చిన జబ్బుకు చేతిలో రక్తం చూడ్డమేమిటి? ఎవరు చెబుతారు? వెనక వరుసలో, నీలం చొక్కా బాబు.

(విద్యార్థి: అండం నుంచే వచ్చుంటే రక్తంలో కూడా ఉంటుంది సార్. ఒళ్లంతా అందులోంచే వచ్చింది కదా.)

కూర్చో నాయనా.